రంగూన్ కుండ

మొన్న వైశాఖంలో ఒక పెళ్ళికి పోయి, తిరుగు ప్రయాణంలో గిద్దలూరు బస్టాండులో మార్కాపురం బస్సు కోసం కూర్చున్నాను. ఈ వయసులో ఎండాకాలం పెళ్ళిళ్ళు నీకెందుకమ్మా అని మా అమ్మాయి చెబుతూనే ఉంటుంది, నేను వింటూనే ఉంటాను, పోతూనే ఉంటాను. బస్టాండు గేటు పక్కన ఎవరో చలివేంద్రం పెట్టించారు. నాలుగు తాటాకులు, వాటికి నాలుగింతల ఫ్లెక్సీ, దానిమీద దండం పెడుతున్న ఒక పెద్దమనిషి, ఆయన చుట్టూ తమలపాకంత ముఖాలతో ఇంకో ఇరవైమంది. ఇంతమంది కింద ఒకే ఒక్క కుండ. దానికి స్టీలు గ్లాసును గొలుసుతో కట్టేశారు. గొలుసు పొట్టిది కావడంతో గ్లాసు నోటిదాకా రాదు, మనమే దాని దగ్గరికి వంగాలి. వంగే తాగాను. నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి, ఉన్నమాట చెప్పాలి కదా.

పక్క బెంచీమీద ఇద్దరు కుర్రవాళ్ళు వాదులాడుకుంటున్నారు. ఒకడు కువైటు నుంచి సెలవుకు వచ్చినవాడు, రెండోవాడు ఇక్కడే ఆటో నడుపుకునేవాడు. "ఆడ కరెంటు పోవడమంటే ఏందో తెలవదురా" అని వాడు. "నీకు జరమొస్తే ఆడ గంజి కాసి పోసేది ఎవురు?" అని వీడు. ఎంతసేపటికీ తెగలేదు. చివరికి నావైపు తిరిగి, "అవ్వా, పెద్దదానివి, నువ్వు చెప్పు. పరదేశం మేలా, సొంతదేశం మేలా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఏది పరదేశమో, ఏది సొంతదేశమో తేలడానికే మా ఇంట్లో ఏళ్ళు పట్టింది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి మార్కాపురం బస్సు వచ్చి పడింది. సీటు దొరక్కపోతే రెండు గంటలు నిలబడాలి, నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. లేచి పరిగెత్తాను. వాళ్ళకు చెప్పలేకపోయినది మీకు చెబుతాను.

మా నాయనది రాచర్ల పక్కన పల్లె. అప్పట్లో మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి, ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేసినప్పుడు, ఇంకా పెళ్ళికాని మా నాయన ఒక కూలిమేస్త్రి వెంటపడి స్టీమరెక్కి రంగూన్ పోయాడు. కట్టెకోత మిల్లులో దుంగలు మోసే పనికి చేరి, కొన్నేళ్ళకు రంపం దగ్గర మేస్త్రీ అయ్యాడు. అక్కడే మా అమ్మను చేసుకున్నాడు. మా అమ్మ పుట్టిందే రంగూన్‌లో. వాళ్ళ పెద్దలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి పోయి స్థిరపడినవాళ్ళు. తల్లీ తండ్రీ అక్కడి మట్టిలోనే కలిశారు. అమ్మకు మన దేశమంటే వాళ్ళమ్మ చెప్పిన కబుర్లూ, జాడీలో ఆవకాయా, అంతే. మిగిలినదంతా, ఎండా వానా పండుగా పబ్బమూ, రంగూన్‌దే.

నాయన అట్లా కాదు. అక్కడున్నా మనసు సగం ఇక్కడే. నన్ను బళ్ళో వేసినప్పుడు బజారు నుంచి పలక తెచ్చి, వేలు తడిపి దానిమీద రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. "ఇది మార్కాపురం పలకమ్మా. మా కొండ రాయి. తొలి వాన పడితే మా ఊరంతా ఇట్లనే వాసనొస్తాది" అన్నాడు. నేనూ చూశాను. నాకు పలక వాసనే వచ్చింది. అమ్మ నవ్వి, "రాయిని వాసన చూసే మనిషిని మిమ్మల్నే చూశాను" అన్నది.

జపాను వాళ్ళ బాంబులు రంగూన్ మీద పడ్డ ఏడు నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి మూడు. రేవులో తొక్కిసలాట. ఓడలో ఆడవాళ్ళకూ పిల్లలకూ చోటిస్తే చాలన్నట్టు ఉంది. నాయన మమ్మల్ని ముగ్గురినీ, ఒక రేకుపెట్టెనూ ఓడెక్కించి, "నేను నడిచైనా వస్తాను, మీరు మా అమ్మ దగ్గరికి పోండి" అన్నాడు. మద్రాసులో దిగి, రైళ్ళు మారి, గిద్దలూరులో దిగి, ఎద్దులబండిలో మా అవ్వ ఇంటికి చేరాం. అవ్వ అంటే నాయన తల్లి. కోడలినీ మనవలనూ ఆమె చూడటం అదే మొదలు. ముగ్గుర్నీ వాకిట్లో నిలబెట్టి దిష్టి తీసి, లోపలికి తీసుకుపోయి జొన్నసంగటి, పచ్చిపులుసు పెట్టింది. అమ్మ సంగటి ముద్దను నమలబోయింది. సంగటి నమలకూడదు, మింగాలి. దవడలు పట్టేసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ అది చూసి, పాపం మొగుణ్ణి తలుచుకుని ఏడుస్తున్నదనుకుని, ఇంకో ముద్ద వేసింది.

ఆ రోజు నుంచీ మా అమ్మ ప్రతి మాటా "రంగూన్‌లో అయితే" అని మొదలయ్యేది. రంగూన్‌లో అయితే చెవి తిప్పితే కొళాయిలో నీళ్ళు. రంగూన్‌లో అయితే మూడుపూటలా తెల్లన్నం. రంగూన్‌లో అయితే సాయంత్రం గాలికి గుళ్ళో చిరుగంటలు మోగుతాయి, ఇక్కడ మేకల మెడగంటలే గతి. ఆమె తప్పేమీ లేదు. మనమందరం పరదేశం పోయి సొంతూరిని తలుచుకుంటాం. మా అమ్మ ఉన్నచోట ఉండి ఉంటే సొంతూళ్ళో ఉండేది, ఆమెకు పరదేశమంటే రాచర్ల. అది మాకు అర్థమయ్యేది కాదు, అవ్వకు అసలే కాదు. "రంగూన్‌లో అయితే ఎండ గూడా సల్లగానే కాస్తాదేమో లేమ్మా" అని దెప్పేది. ఊళ్ళో అమ్మకు రంగూన్ కోడలు అని పేరు పడిపోయింది. అమ్మ రేకుపెట్టెలోని బట్టలు బయటికి తీసి సర్దనే లేదు. కావలసింది ఒకటి తీసి, కట్టి, ఉతికి, మళ్ళీ పెట్టెలోనే పెట్టేది. "ఆయన వస్తారు, రాగానే వెనక్కి పోతాం" అని నాతో చెప్పేది. అవ్వకు వినబడేలాగే చెప్పేది.

ఆయన వచ్చే జాడే లేదు. పుష్యం పోయింది, మాఘం పోయింది, ఉత్తరం లేదు, తంతి లేదు. బర్మా నుంచి జనం కొండలూ అడవులూ దాటి నడిచి వస్తున్నారనీ, దోవలో రోగాలతో, దాహంతో రాలిపోతున్నారనీ గిద్దలూరు సంతకు పోయినవాళ్ళు విని వచ్చేవాళ్ళు. మా ముందు చెప్పేవాళ్ళు కాదు. మమ్మల్ని చూడగానే మాట మార్చేవాళ్ళు, దాంతోనే మాకు తెలిసిపోయేది. అవ్వ పొద్దున లేచి తూర్పుకు దండం పెట్టేది. అందరూ సూర్యుడికి అనుకునేవాళ్ళు. బర్మా ఆ దిక్కునే ఉందని నేను ఒకసారి చెప్పిన దగ్గర్నుంచీ ఆ దండం రెండింతలు పొడుగైంది.

ఇక కుండ సంగతి. రంగూన్‌లో ఒక అలవాటుంది. సందు మొగలో, చెట్టు కింద, ఇళ్ళ ముందు చిన్న కొయ్యపీటలు కట్టి, వాటిమీద మూతపెట్టిన మట్టికుండలు, పక్కన ముంచుకోవడానికి ఒక చిప్ప పెడతారు. దోవన పోయేవాళ్ళు ఎవరైనా ఆగి తాగి పోవచ్చు. నింపేదెవరో తాగేవాడికి తెలియదు, తాగిందెవరో నింపేవాళ్ళకు తెలియదు. బర్మావాళ్ళకు అది పుణ్యం. వాళ్ళను చూసి మా అమ్మ వాళ్ళమ్మ కూడా తమ గుమ్మం ముందు పెట్టేదట. మా ఊళ్ళో ఉగాది పోయిన నాలుగు రోజులకే ఎండ మాడు పగలగొట్టసాగింది. దోవన పోయేవాళ్ళు నాలుకలు పిడచగట్టుకుని పోతుంటే చూసి, అమ్మకు మనసాగలేదు. కుమ్మరి దగ్గర జొన్నలు పోసి ఒక కొత్త కుండ కొని, కడిగి, పసుపు రాసి, నిండా నీళ్ళు పోసి, పైన ముంత బోర్లించి, గడప ముందు నేలమీద పెట్టింది. అవ్వ అప్పుడు ఇంట్లో లేదు. మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించే రోజులవి, అక్కడికి పోయింది.

పొదిలి, కనిగిరి లాంటి ఊళ్ళలో సంతరోజు షావుకార్లు చలిపందిళ్ళు వేయించడం మావాళ్ళకు తెలుసు. ఇంటి ముందు కుండ మాత్రం వేరే సంగతి. మా వైపు ఇంట్లో మనిషి పోతే, పదిరోజులు గడప ముందు కొత్త కుండలో నీళ్ళు, పైన ముంత పెట్టేవాళ్ళు. పోయినవాళ్ళ ప్రాణం దాహానికి ఇంటికి వస్తుందని. మా అమ్మకు ఎవరు చెప్పారు గనుక!

ఎదురింటి ముసలామె మొదట చూసింది. ఆమెను ఊరంతా పెద్దమ్మ అనేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. చేతిలో చీపురు వదిలేసి, "అయ్యో నా తండ్రీ, దేశంగాని దేశంలో పోతివా నాయనా" అని గుండెలు బాదుకుంటూ మా వాకిట్లో కూలబడింది. ఆ కేకకు పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. కుండ చూశారు, ఇంకేముంది, వాళ్ళూ అందుకున్నారు. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి గరిటెతోనే బయటికి వచ్చింది. వాకిటి నిండా ఆడవాళ్ళు, అందరూ తన మొగుడి మంచితనం చెప్పుకుని ఏడుస్తున్నారు. తంతి వచ్చిందనీ, తనకు చెప్పలేక వీళ్ళు ఇట్లా ఏడుస్తున్నారనీ అనుకున్నది. గరిటె జారిపడింది. నేను రంగూన్‌లో బాంబుల మోతకు కూడా అమ్మ అట్లా అరవగా వినలేదు. కుండను చూసి ఊరు ఏడుస్తున్నది, ఊరిని చూసి అమ్మ ఏడుస్తున్నది, అమ్మను చూసి నేనూ తమ్ముడూ. ఆ గోల విని చేలోంచి అవ్వ పరిగెత్తుకొచ్చి, కుండను చూసి, పెడబొబ్బ పెట్టి పడిపోయింది.

అవ్వ వెనకాలే గొర్రెల తాత వచ్చాడు. మా చేలో మంద పెట్టింది ఆయనే. భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెనక నాలుగైదు గొర్రెపిల్లలు. ఏ మాటా తొందరగా అనే మనిషి కాదు, గొర్రెలతో తిరిగి తిరిగి ఆయనకు ఆ నిదానం వచ్చింది. అందరి మధ్యా నిలబడి, "తంతి వచ్చిందా?" అన్నాడు. "జాబు వచ్చిందా? మనిషి వచ్చినాడా? మరి ఎవురు చెప్పినారు?" అమ్మ పెద్దమ్మను చూపించింది. పెద్దమ్మ కుండను చూపించింది.

"ఈ కుండ ఎవురు పెట్టినారు?"

"నేనే పెట్టాను" అన్నది అమ్మ వెక్కుతూ.

"ఎందుకు పెట్టినావు తల్లీ?"

"దోవన పోయేవాళ్ళు తాగుతారని."

ఏడుపంతా ఒక్కసారి ఆగిపోయింది. గొర్రెల తాత కర్ర గోడకు ఆనించి, ముంత తీసి, ముంచి గటగటా తాగి, మీసాలు తుడుచుకుని, "సల్లగుండాయి" అన్నాడు. తర్వాత అవ్వను లేవనెత్తి కూర్చోబెట్టి, "బతికుండే మనిషికి ఏడిస్తే ఆయుస్సు పెరుగుతాదంటారక్కా. ఇంతమంది ఏడ్చినారు, నీ కొడుకు నూరేళ్ళు దాటిపోతాడు, చూస్తుండు" అన్నాడు.

అవ్వకు ప్రాణం లేచి వచ్చింది, దానితోపాటు కోపమూ వచ్చింది. "నా కొడుకు బతికుండంగానే నీళ్ళు పెడతావటే" అని కుండ నెత్తికెత్తి నేలకు కొట్టబోయింది. పెద్దమ్మ కెవ్వుమన్నది. "వద్దు వద్దు! కుండ పగలగొట్టేది కాట్లో! అది ఇంకా అపశకునం!" అవ్వ కుండను పైకెత్తినది ఎత్తినట్టే నిలబడిపోయింది. గడప ముందు పెట్టకూడదు, పగలగొట్టకూడదు. ఆ నీళ్ళు ఇంట్లోకి తీసుకుపోకూడదు, నేలపాలు చేయడానికి మా ఊళ్ళో ఎవరికీ చేతులు రావు. చివరికి గొర్రెల తాత పిల్లలను ముందుకు తోలాడు. అవి ఆ నీళ్ళన్నీ తాగేదాకా ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. వట్టి కుండ పశువుల కొట్టంలో ఒక మూల బోర్లపడింది.

మూడు రోజులు అవ్వ అమ్మతో మాట్లాడలేదు. సంగటి ముద్ద మాత్రం పెట్టేది, కొంచెం గట్టిగా పెట్టేది. నాలుగో రోజు పొద్దున అమ్మే పోయి అవ్వ ఎదురుగా కూర్చున్నది.

"అత్తా, ఆచారం తెలియక చేశాను. తప్పే. కానీ ఒక్క మాట వినండి. ఆయన నడిచి వస్తున్నారు. ఎక్కడో ఒక ఊళ్ళో, ఎవరిదో ఒక గడప ముందు కుండ ఉంటేనే కదా ఆయనకు గుక్కెడు నీళ్ళు. మనం పెట్టకపోతే, వాళ్ళు మాత్రం ఎందుకు పెడతారు?"

అవ్వ చేటలోని జొన్నల్లో రాళ్ళు ఏరుతూనే ఉంది. చాలాసేపు ఏరింది. తర్వాత లేచి కొట్టంలోకి పోయి, కుండ తెచ్చి, కడిగి, తనే గడప ముందు పెట్టింది. "ఇంట్లో నీళ్ళలో సుక్క ముట్టొద్దు. నీ కుండకు నువ్వే మోసుకోవాల" అన్నది. అంతే. మా అవ్వను నేను తలుచుకోని రోజు ఉండదు. సంతకం పెట్టడం రాదు, గిద్దలూరు దాటి ఎరగదు, ఊరు ఊరంతా అపశకునమన్న దాన్ని కోడలి ఒక్క మాటకు చేతులతో తెచ్చి వాకిట్లో పెట్టింది. అట్లాంటి గుండె చదువుకున్నవాళ్ళలో నాకు పెద్దగా కనబడలేదు.

మంచినీళ్ళ బావి ఊరికి దూరం, వాగు ఒడ్డున. పది బారల తాడు. కొళాయి చెవి తిప్పి పెరిగిన మనిషి మా అమ్మ, మొదటి రోజు చేదను బావిలోనే వదిలేసి తాడు మాత్రం తెచ్చింది. రెండో రోజు బిందె నడుమున నిలవక జాకెట్టుకు పోసినన్ని నీళ్ళు కుండకు పోయలేదు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్విన వాళ్ళే బిందె ఎట్లా పెట్టుకోవాలో, తాడు ఎట్లా వదలాలో నేర్పించారు. పదిరోజులకు అరచేతులు కాయలు కాచాయి. పదిహేనో రోజుకు బావి దగ్గర అందరితో కలిసి మా అవ్వమీద చాడీలు చెప్పడం కూడా నేర్చుకున్నది. కొందరు పాపం మా ముంత ముట్టుకోవడానికి జంకి, దూరంగా దోసిలి పట్టేవాళ్ళు. అమ్మ ముంత వాళ్ళ చేతికే ఇచ్చేది. దానికి కొన్నాళ్ళు పెద్దలు గొణిగారు. వాళ్ళు గొణుగుతుండగానే కుండ రోజుకు రెండుసార్లు ఖాళీ అయ్యేది. పిల్లలు దానికి పేరు కూడా పెట్టేశారు, చావు కుండ కాదు, రంగూన్ కుండ అని.

వైశాఖం ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఎదురింటి పెద్దమ్మ అరుగుమీద ఒక మనిషి కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. గడ్డం, పుల్లల్లాంటి కాళ్ళు, పాదాలకు గుడ్డపేలికలు. పెద్దమ్మ బయటికి వచ్చి బిచ్చగాడనుకుని, "ఎవురు నాయనా, ఎందుకు ఏడుస్తుండావు? దప్పికయితే ఆ ఇంటి ముందర కుండ ఉండాది, పోయి తాగు" అన్నది.

అతను తలెత్తకుండానే అడిగాడు. "మా అమ్మ ఎప్పుడు పోయింది పెద్దమ్మా?"

గిద్దలూరులో రైలు దిగి ఆ ఎండలో నడుచుకుంటూ వచ్చి, వీధి మొగలో నుంచి గడప ముందు కుండను చూసి, ఆ పైన అడుగు పడక, మా నాయన అక్కడే కూలబడ్డాడు. రంగూన్‌లో ఇన్నేళ్ళు అట్లాంటి కుండల్లోనే నీళ్ళు తాగిన మనిషి, సొంతూరి వీధిలోకి వచ్చేసరికి సొంతూరి కళ్ళతోనే చూశాడు. పెద్దమ్మ అరిచిన అరుపుకు మేమందరం బయటికి వచ్చాం. అవ్వ చేటతోనే వచ్చింది. కొడుకును ఎగాదిగా చూసి, చేట కింద పడేసి, "నేను పోయేదేందిరా! నువ్వు పోయినావని ఊరు ఊరంతా ఏడ్చినాం గదరా!" అని మెడమీద పడి, ఈసారి నిజంగా ఏడ్చింది. అమ్మ కుండలోంచి ముంత ముంచి ఇచ్చింది. నాయన మూడు ముంతలు తాగాడు. గొర్రెల తాత ఆ సాయంత్రం వచ్చి, "నేను చెప్పలా?" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట చెబుతూనే ఉన్నాడు.

కాళ్ళ పుండ్లు మానాక నాయన ఒకరోజు చెప్పాడు. "దోవలో పల్లెలకు పల్లెలు ఖాళీ. జనం భయపడి అడవిలోకి పోయినారు. తలుపుల్లేవు, పొయ్యిలో బూడిద గూడా సల్లారింది. ఇండ్ల ముందర కుండలు మాత్రం నిండా ఉండాయమ్మా. పారిపోతా పారిపోతా నీళ్ళు పోసి పోయినారు. ఆ నీళ్ళే నన్ను ఈడ దాకా తెచ్చినాయి." అవ్వ వింటూ వింటూ లేచి పోయి, మా కుండ నిండుగా ఉందో లేదో చూసి వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో నీళ్ళు ముట్టకూడదన్న షరతు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

నాయన మొదట చేసిన పని కుండకు పీట కట్టడం. తుమ్మచెక్కతో మనిషి నడుమంత ఎత్తున, పైన చిన్న కప్పుతో, అచ్చం రంగూన్‌లో లాగానే కట్టాడు. "ఇంకెవురూ నా మాదిరి దడుసుకోకూడదు" అన్నాడు.

నాలుగేళ్ళు గడిచాయి. యుద్ధం అయిపోయింది. ఒక ఫాల్గుణ మాసంలో రంగూన్ మిల్లు దొర దగ్గర్నుంచి జాబు వచ్చింది. మిల్లు మళ్ళీ తెరుస్తున్నాం, నీ పని నీకే ఉంచాం, కుటుంబంతో రా అని. నాయన దాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. నిజం చెప్పాలంటే పోవాలని ఉన్నది నాయనకే. ఆ ఏడు కూడా కొర్ర గింజ కట్టలేదు. మట్టి వాసన చూసి మురిసిన మనిషే, ఆ మట్టి కడుపు నింపదని తెలిసి ఒకసారి పారిపోయినవాడు కూడా. అవ్వ కూడా పొమ్మనే అన్నది. "దూరపు కొండలు నునుపంటారు. మన కొండ దూరం నుంచి చూసినా గరుకే. పోండి, పిల్లోళ్ళన్నా బాగుపడతారు" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇక మిగిలింది అమ్మ. నాలుగేళ్ళు రంగూన్‌లో అయితే, రంగూన్‌లో అయితే అని మా చెవులు తూట్లు పొడిచిన మనిషి. ఎప్పుడు ఖాళీ అయి అటకెక్కిందో తెలియని రేకుపెట్టెను నాయన దించి, దుమ్ము దులిపి, ఆమె ముందు పెట్టి, "నీ ఇష్టం. నువ్వు ఊ అంటే టిక్కెట్లకు రాస్తాను" అన్నాడు. నేను అమ్మ మొహమే చూస్తున్నాను. నాకు పన్నెండేళ్ళు, బావి దగ్గర నాకూ స్నేహితులున్నారు. పోదామంటుందేమోనని నా భయం.

అమ్మ పెట్టె వైపు చూసింది. బయట ఎవరో ముంత పీటమీద పెట్టిన చప్పుడైంది. వెంటనే లేచి, అలవాటుగా బిందె చంకనెత్తుకుని, "ఎండలు ముదురుతున్నాయి. అత్తకు మోకాళ్ళు బాగాలేవు, నేను పోతే కుండ ఎవరు నింపుతారు? ఈ ఎండాకాలం పోనీండి, తర్వాత చూద్దాం" అని బావికి పోయింది.

నాయన దొరకు అట్లాగే రాశాడు. ఎండాకాలం పోయింది. తొలి వాన పడింది, విత్తనాలు వేయాలి కదా అన్నది అమ్మ. మరుసటి ఏడు ఇంకో జాబు వచ్చింది. అప్పుడు చైత్రం. "ఈ ఎండాకాలం పోనీండి" అన్నది. ఆ తర్వాత జాబులు రావడం మానేశాయి. ఒకనాడు అవ్వ రేకుపెట్టె తెరిచి అందులో కందులు పోసింది. మూత సరిగా పడటం లేదని అమ్మ కూడా ఒక చేయి వేసి నొక్కింది.

మా అమ్మ రంగూన్‌ను మరిచిపోయిందని కాదు. చివరిదాకా తలుచుకునేది, కళ్ళు తుడుచుకునేది. అక్కడ కొళాయి ఉంది, తెల్లన్నం ఉంది, కన్నవాళ్ళ మట్టి ఉంది. ఇక్కడ సంగటి, రాళ్ళు, పదిబారల తాడు. పక్కపక్కన పెట్టి తూచితే రంగూన్ వైపే మొగ్గుతుంది, ఎవరైనా ఒప్పుకోవాలి. కానీ అక్కడ ఆమె వేరేవాళ్ళు నింపిన నీళ్ళు తాగి పెరిగింది. ఇక్కడ దాహంతో వచ్చేవాళ్ళు ఆమె నింపిన కుండ కోసం చూశారు. నాకు తెలిసినంతలో ఆమె ఆగిపోయింది దానికే. ఆ బర్మా పల్లెలవాళ్ళకూ, మా అవ్వకూ, గొర్రెల తాతకూ నేను ఎట్లా దండం పెట్టాలో నాకు తెలియదు. వాళ్ళలో ఎవరు లేకపోయినా మేము లేము.

అవ్వ పోయింది. నాయన నూరేళ్ళు దాటలేదు గానీ దాని దరిదాపులకు పోయాడు. ఆ తర్వాత అమ్మ పోయింది, ఒక కార్తీకంలో. పదిరోజులు గడప ముందు కుండ పెట్టాలన్నాడు పురోహితుడు, పీటమీద కాదు, నేలమీద, ఆచారం ప్రకారం. తమ్ముడు కొత్త కుండ తెచ్చి, నీళ్ళు పోసి, ముంత బోర్లించి నేలమీదే పెట్టాడు. కాసేపటికి దోవన పోతున్న ఒక గొర్రెల కాపరి ఆగి, మామూలుగా ముంత తీసి తాగి, మీసాలు తుడుచుకుని పోయాడు. తర్వాత బరువు మోసుకుపోతున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ఇంటి ముందు కుండంటే ఎవరో పోయారని ఆ వీధిలో ఒక్కరికీ తోచలేదు. పురోహితుడు అయ్యో అయ్యో అని లేవబోతే, తమ్ముడు ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. సాయంత్రానికి కుండ ఖాళీ అయింది. నేను బిందె తీసుకుని లేచాను.

ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చి పోయాయో నేను లెక్కపెట్టుకోలేదు. మా అమ్మ పోనీండి అన్న ఆ ఒక్క ఎండాకాలం మాత్రం ఇంకా అయిపోలేదు.